డాగు లేని వీడియో

నేను ఫిగర్ స్కేటర్‌ని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు నా కాళ్ళ కింద మంచు కోసం వెతుకుతారు. సూరత్‌లో మంచు గోలా బండి మీద తప్ప ఇంకెక్కడా దొరకదు, అది కూడా ఎర్రరంగు పోసి పుల్లకు గుచ్చి ఇస్తారు. అందుకని మేం చక్రాల మీద ఆడతాం. ఒక్కో బూటుకు ముందు రెండు, వెనక రెండు చక్రాలు. సంగీతం, గాల్లో గంతులు, గిరగిరా తిరగడాలు, రాళ్ళు అతికించిన గౌను, పడ్డా చెదరని చిరునవ్వు, అన్నీ మంచు మీద వాళ్ళకు ఉన్నవే మాకూ ఉన్నాయి. వాళ్ళు మంచు మీద పడతారు, మేం సిమెంటు మీద పడతాం.

పెద్ద క్రీడాకారులందరి జీవితాలూ ఏదో ఒక కలతో మొదలవుతాయట. నాది ఒక రేకు తక్కువై మొదలైంది. మా అవ్వ, అంటే మా అమ్మ, బాలవ్వ సూరత్‌లోనే అడాజన్‌లో ఊర్మిళాబెన్ ఇంట్లో వంట చేసేది. ఊర్మిళాబెన్ అక్కడి అపార్టుమెంట్ల పిల్లలకు స్కేటింగ్ నేర్పే కోచ్. ఒక ఏడు వార్షికోత్సవానికి ఎనిమిదిమంది పిల్లలతో తామరపువ్వు చేయిద్దామనుకుంటే ఏడుగురే వచ్చారు. వంటింట్లో బటాణీలు ఒలుస్తున్న నన్ను లేపి, ఎవరో పొట్టివై వదిలేసిన బూట్లు తొడిగి, ఎనిమిదో రేకు చేసేశారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పువ్వు విచ్చుకున్నప్పుడు మిగతా రేకులు కిందపడ్డాయి, నేను పడలేదు. నా ప్రతిభ అలా బయటపడింది.

ఆ తర్వాత ఏడేళ్ళు మేముండే వడోద్ నుంచి అడాజన్‌కు బస్సులు మారుతూ వెళ్ళాను. జిల్లాలో మొదటిదాన్ని, రాష్ట్రంలో ఐదోదాన్ని అయ్యాను. రాష్ట్రం నుంచి జాతీయ పోటీలకు నలుగురిని పంపుతారు. అంటే నా స్థానం ఏమిటో మీరే లెక్కవేసుకోండి. ప్రతి ఏడూ ఆ నలుగురికీ చప్పట్లు కొట్టి, ఫోటోలో వాళ్ళ పక్కన నిలబడి వచ్చేదాన్ని.

ఇక 2020 వచ్చింది. నా వయసు పిల్లల విభాగంలో నాకు అదే ఆఖరి ఏడు. ప్రపంచం కూడా అదే ఏడు చూసుకుని మూతబడింది.

మా బాపు పేరు లక్ష్మీరాజం. జగిత్యాల దిక్కు నుంచి ఇరవై ఏళ్ళ వయసులో వచ్చి, ముప్పై ఏళ్ళు పవర్‌లూమ్ ఖాతాలో పనిచేశాడు. ఖాతా అంటే మగ్గాలు ఆడించే షెడ్డు. ఒక్కడే పన్నెండు మగ్గాలు చూసుకునేవాడు. మార్చిలో అవన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మగ్గాలు ఆగిన వడోద్‌ను నేను పుట్టాక అప్పుడే మొదటిసారి విన్నాను. ఏ ఇంట్లో ఎవరు ఎవరిని ఏమని తిడుతున్నారో మాట మాట వినబడేది. అడాజన్ సొసైటీలవాళ్ళు పనివాళ్ళను గేటులోపలికి రానివ్వక అవ్వ వంట పని పోయింది. ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్ళు అతికించే పని పట్టుకుంది. బాపు ఒకరోజు నన్ను పిలిచి, కోపం లేకుండా, చాలా మర్యాదగా నా కెరీర్ గురించి మాట్లాడాడు.

"బిడ్డా, ఈసారి టీముల వస్తే ఆడు, ఎట్లనన్న జేసి ఆడిస్త. రాకుంటే మాత్రం ఆ బూట్లు ఇడ్సిపెట్టి అవ్వతోని స్టోన్ల పనికి కూసో. నేను జేసేటిది ఏం లేదు."

తిడితే ఎదురు చెప్పేదాన్నే. అంత మెల్లగా చెప్పాడు కనుక తలూపాను. మెల్లగా అంటే మా ఇంటి లెక్కలో మెల్లగా. మూడు ఇళ్ళ అవతలి ఆవిడ మర్నాడు నన్ను ఓదార్చింది.

మిల్లు మగవాళ్ళందరికీ కాస్త చెవుడు ఉంటుంది. దాన్ని మా దగ్గర ఎవరూ రోగం కింద లెక్కవేయరు, బట్టతల కింద జమ కడతారు. బాపు ఎదుట మాత్రం ఆ మాట ఎత్తడానికి లేదు. ఎత్తితే రెండు రోజులు అన్నం తినడు. "పన్నెండు మగ్గాలల్ల ఏది సుస్తయితున్నదో సప్పుడు ఇని జెప్పుత నేను" అనేవాడు. కరోనా వచ్చి అందరూ మాస్కులు కట్టుకున్నాక మాత్రం ఆయనకు లోకం మీద కొత్త ఫిర్యాదు మొదలైంది.

"ఈ బీమారి వచ్చినసంది అందరు గుసగుస మాట్లాడుతున్నరేంది? గొంతుల గిట్ల జోరు లేకుంటయిందా?"

ఇంట్లో మాకు మాస్కులు ఉండవు, మా పెదవులు చూసి చక్కగా జవాబిచ్చేవాడు. ముప్పై ఏళ్ళు మగ్గాల మోతలో మనుషుల మాటలు పెదవుల మీదే పట్టుకున్నవాడు. అది అర్థం చేసుకోవడానికి ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం ఉండి కూడా చేతకాలేదు. మేం గుసగుసలాడేవాళ్ళ మీద ఆయనతో పాటు విసుక్కునేవాళ్ళం.

అక్టోబరులో రాష్ట్ర సంఘంవాళ్ళకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. పోటీలు ఆన్‌లైన్‌లో పెడతారట. ఎవరి చోట వాళ్ళు ఆడి వీడియో పంపాలి. రెండు నిమిషాల నలభై సెకన్లు. కెమెరా కదలకూడదు, మధ్యలో ఆపకూడదు, కోయకూడదు. ఎవరి చోట వాళ్ళు అన్న మాట రాసినవాడి ఇంట్లో హాలు ఎంత పెద్దదో నాకు తెలియదు. మా ఇంట్లో నేను చేతులు చాపితే ఒకటి పొయ్యికి, ఒకటి బీరువాకు తగులుతుంది.

చోటు బాపే చూపించాడు. ఆయన ఖాతా సేఠ్ పదహారు మగ్గాలను తుక్కు కింద అమ్మేశాడు. సగం షెడ్డు ఖాళీ. నేలలో మాత్రం మగ్గాలు బిగించిన బోల్టుల గుంతలు వరుసగా మిగిలాయి. బాపు వారం రోజులు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గుంతా సిమెంటుతో నింపి, రాయితో రుద్ది, అరచేత్తో తడిమి చూశాడు. మధ్యలో ఉన్న రెండు స్తంభాలను మాత్రం రుద్దడం కుదరలేదు, అందుకని నా ఆటనే వాటి చుట్టూ తిప్పుకున్నాను. తర్వాత ఒక జడ్జి ఆ మలుపులో కవిత్వం ఉందని మెచ్చుకుంది.

మూడు రోజులు తీశాం. బాపు స్టూలు మీద ఫోను నిలబెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. అయిపోగానే ప్రతిసారీ ఒకటే మాట, "పాట మస్తు గుదిరింది బిడ్డా." మూడో రోజు నా జీవితంలోనే అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. ఒక్క నిమిషం యాభై రెండో సెకను దగ్గర మాత్రం గంతు వేసి దిగుతుంటే, నింపిన గుంత అంచున చక్రం పట్టింది. అరచెయ్యి నేలకు తాకింది, లేచాను, మళ్ళీ అందుకున్నాను. మొత్తం నాలుగు సెకన్లు.

ఊర్మిళాబెన్ బాపు ఫోనులోనే చూసి, "అలాగే పంపించు సంధ్యా. పడ్డందుకు ఒక మార్కు పోతుంది. మిగతాది చూస్తే నువ్వు మొదటి నలుగురిలో ఉన్నట్టే" అంది. ఏడేళ్ళలో ఆవిడ నన్ను అంతలా మెచ్చుకోవడం అదే మొదలు. ఎందుకైనా మంచిదని రెండుసార్లు చెప్పించుకున్నాను.

వీడియో ఉన్నది బాపు ఫోనులో. ఇంటి దగ్గర నెట్టు సరిగా రాదు, సేఠ్ ఆఫీసులో వైఫై ఉంది. "నేను పంపుత, నువ్వు పండుకో" అని పొద్దున్నే పోయినవాడు సాయంత్రం దాకా రాలేదు. నెట్టు ఏడిపిస్తోంది కాబోలు అనుకున్నాను. వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది.

"పంపిన. ఒక్క డాగు లేదు."

మెచ్చుకోలు అనుకుని సిగ్గుపడ్డాను కూడా.

పన్నెండు రోజులకు సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వీడియోను మధ్యలో కోసి అతికించినట్టు తేలిందని, మోసం కింద నన్ను రెండేళ్ళు పోటీల నుంచి ఎందుకు నిషేధించకూడదో చెప్పుకోవాలని అందులో ఉంది. నేను రాష్ట్రం దృష్టిలో పడింది ఆ రోజే. అంతకుముందు ఏడేళ్ళలో వాళ్ళు నా పేరును ఒక్కసారి కూడా తప్పులు లేకుండా రాయలేదు.

పంపిన వీడియో తెరిచి చూశాను. నేను పడలేదు. స్తంభం పక్కన చెయ్యి ఎత్తి గాల్లోకి లేచాను, దిగాను, అదే చెయ్యి అదే ఎత్తులో, అదే నవ్వుతో సాగిపోయాను. కన్ను పెట్టి వెతికినా అతుకు దొరకదు. కాని సంగీతం ఉందే, అది ఒక దరువు మధ్యలో పుటుక్కున తెగి నాలుగు సెకన్లు ముందుకు ఎగిరింది. చెవులున్న ఎవడికైనా తెలిసిపోతుంది. పక్కింటి మేకకు కూడా తెలుస్తుంది.

"బాపూ, వీడియో నువ్వు గోసినవా?"

"గోసిన. ఏడ గోసిన్నో జెప్పు సూద్దాం" అన్నాడు, నాకు పొడుపుకథ వేసినట్టు.

లాక్‌డౌన్‌లో పనిలేక ఫోనులో వీడియోలు కోసి అతికించడం నేర్చుకున్నాడట. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సేఠ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని, నా చెయ్యి చెయ్యికి, కాలు కాలుకు కలిసే చోటు వెతికి పట్టాడు. తెగిన దారాన్ని ముడి కనబడకుండా కలిపే చేతులు అవి.

"అది మోసం బాపూ!"

నిజంగానే నివ్వెరపోయాడు. "మోసమేంది? తాకాల డాగు వస్తే ఏం జేస్తం? గంత ముక్క గోసి, మంచి బట్ట మంచి బట్టకు కలిపి పంపుతం. డాగు ఉన్న తాకాను మడతల దాసిపెట్టి పంపుడు మోసం. గోసి పంపుడు ఇమాన్‌దారి. ముప్పై ఏండ్లల్ల నా తాకా ఒక్కటన్న వాపస్ వచ్చిందా?"

తాకా అంటే మగ్గం మీంచి దిగిన బట్ట చుట్ట. ఆయన చెప్పిన దాంట్లో నాకు ఒక్క తప్పూ దొరకలేదు. రాష్ట్ర సంఘంవాళ్ళు బట్టల వ్యాపారులు అయ్యుంటే నాకు మొదటి బహుమతి వచ్చేది.

విచారణ కూడా ఆన్‌లైన్‌లోనే జరిగింది. సంఘం తరఫున ఓంప్రకాష్ సాహెబ్ కూర్చున్నారు, వెనక గోడ నిండా కప్పులు. ఆయన స్కేటింగ్ చేయగా ఎవరూ చూడలేదు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోనుకు నమస్కారం పెట్టి, తనే కోశానని హిందీలో గర్వంగా ఒప్పుకున్నాడు. బిడ్డకు తెలియదని కూడా చెప్పాడు. అంతవరకు బాగానే ఉంది.

"మరి కోసిన చోట మ్యూజిక్ ఎగిరిపోవడం నీకు వినిపించలేదా?" అని ఓంప్రకాష్ సాహెబ్ ఆ ముక్కను మూడుసార్లు వేశారు. మూడుసార్లూ దరువు పుటుక్కుమంది. "ఇప్పుడు వినిపించిందా?"

తెర మీద సాహెబ్‌కు మాస్కు లేదు. బాపు ఆయన పెదవుల వంక దీక్షగా చూసి, "జీ సాహెబ్, బరాబర్ వినిపించింది. ఫస్ట్ క్లాస్ ఉంది" అన్నాడు.

ఆయన పెదవులు చదువుతున్నాడని నాకు అప్పుడు వెలిగింది. "సార్, మా నాన్నకు వినబడదు" అన్నాను. బాపు తెర వైపే చూస్తున్నాడు కనుక పక్కనున్న నా మాట ఆయనకు చేరలేదు.

సాహెబ్ తల వంచి కాగితంలో ఏదో రాసుకుంటూ, బాపుకు పెదవులు కనబడకుండా అన్నారు. "వినిపించిందని ఆయనే అంటున్నాడు కదమ్మా. ఈ సీజన్లో మీరు మూడో కేసు. ఒకరి తమ్ముడు కోశాడు, ఒకరి కుక్క ఫోను తొక్కింది, ఇప్పుడు మీ నాన్న చెవిటివాడయ్యాడు. వారంలోపు డాక్టరు కాగితం తీసుకురా, ఆయనకు వినబడదని. లేకపోతే రెండేళ్ళు ఇంట్లో కూర్చో."

ఫోను ఆపగానే బాపు అడిగాడు. "ఏమన్నరు?"

"చెవుల పరీక్ష జేయించి కాయితం తెమ్మన్నరు."

"గంతేనా? నా చెవులు మంచిగున్నయని కాయితం దెస్తే వొడుస్తదన్నట్టు?"

నేను అవునన్నట్టు తలూపాను. నిజం చెబితే రాడని తెలుసు. మోసం నేరం మీద విచారణ జరుగుతున్న మనిషిని, కనీసం ఒక్క మోసమైనా చేయకపోతే ఏం బాగుంటుంది?

ట్రస్టు ఆసుపత్రిలో మూడు గంటలు వరుసలో నిలబడ్డాం. అందరికీ మాస్కులు. ఎవరేం చెప్పినా బాపు నా వైపు తిరిగేవాడు, నేను మాస్కు కిందికి లాగి పెదవులతో చెప్పేదాన్ని. వెనకున్న పెద్దమనిషి నన్ను రెండుసార్లు బాధ్యత లేనిదానివని తిట్టాడు. పరీక్ష గది చిన్నది, గాలి ఆడాలని తలుపు తెరిచే పెట్టారు. లోపల మేడమ్ మాస్కు మీద ఇంకో ప్లాస్టిక్ డాలు తగిలించుకుని మిషన్ ముందు కూర్చుంది. ఎదురుగా కుర్చీలో బాపును కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి మాస్కు దించి చెప్పాను. "కుయ్ మని వినబడంగనే వేలు లేపాలె."

మేడమ్ బటన్ నొక్కింది. బాపు వేలు లేపాడు. మళ్ళీ నొక్కింది, మళ్ళీ లేపాడు. కుడిచెవి, ఎడమచెవి, ఒక్కటీ తప్పలేదు. నాకు మొదట ఆశ్చర్యం వేసింది, తర్వాత ఆయన కళ్ళు ఎక్కడున్నాయో చూశాను. మేడమ్ చేతి మీద ఉన్నాయి. పన్నెండు మగ్గాల మీద ఒకేసారి చూపు నిలిపి, దారం తెగకముందే పసిగట్టే కళ్ళు. ఆ వేలు బటన్ మీదికి వంగకముందే ఈ వేలు లేస్తోంది.

బాపు పరుగులాంటి నడకతో బయటికి వచ్చాడు.

"పూరా పాస్! ఒక్కటి గూడ తప్పలే. ఇగ నువ్వు ఫికర్ జెయ్యకు, టీముల నీ పేరు పక్కా." నా చెవి దగ్గరికి వంగి, రహస్యమనుకుని, వరుస మొత్తానికీ వినబడేలా చెప్పాడు. "సప్పుడు మరీ సన్నగ పెట్టింది బిడ్డా. అట్ల పెడితె ఎవనికి వినవడ్తది? ఆమె వత్తుడు జూసి లేపిన."

లోపల మేడమ్ కాగితం రాస్తోంది. వినికిడి సరిగ్గా ఉందని రాస్తోంది. ఆ కాగితం పట్టుకుపోతే నేను మోసగత్తెనని నా తండ్రే సంతకం పెట్టి ఇచ్చినట్టు. నా స్కేటింగ్ అక్కడితో ఆఖరు. పట్టుకుపోకుండా ఉండాలంటే లోపలికి వెళ్ళి ఒక్క మాట చెప్పాలి, కుర్చీ గోడవైపు తిప్పండి అని. ఆయన మాత్రం నా కోసం పరీక్షలో కాపీ కొట్టి నెగ్గిన సంతోషంలో, మాస్కు వెనక నుంచి కూడా తెలిసేలా నవ్వుతున్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది, ఎందుకంటే ఏం చేయబోతున్నానో నాకు అప్పటికే తెలుసు. ఏడేళ్ళు బస్సుల్లో తిరిగాను. చీరలకు రాళ్ళు అతికించడం నాకు ఇష్టం లేదు.

ఫలితం కోసం చదువుతున్నవాళ్ళకు ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత లేచి వెళ్ళిపోవచ్చు. రెండో కాగితం పనిచేసింది. నా మీద నిషేధం పెట్టలేదు. బాపు ఫోనులో మిగిలిన అసలు వీడియోకు మార్కులు వేసి, పడ్డందుకు ఒకటి తీసేసి, నాలుగో స్థానం ఇచ్చారు. టీములోకి వచ్చాను. నీలం రంగు కోటు ఇచ్చారు, దాని మీద నా పేరు తప్పుగా కుట్టారు. జాతీయ పోటీలు ఆ ఏడు కరోనాతో జరగలేదు, తర్వాతి ఏడు పెద్దపిల్లలతో కలిసి ఆడి తొమ్మిదోదాన్నయ్యాను. నా ప్రఖ్యాత కెరీర్ అంతే. ఇప్పుడు అడాజన్‌లో పిల్లలకు తామరపువ్వు నేర్పుతున్నాను.

ఆ రోజు మేడమ్‌తో మాట్లాడి వచ్చి బాపుకు చెప్పాను. "ఇంకోపారి జేస్తరట."

"మల్లెందుకు? మిషన్ నమ్మలేదా?" అన్నాడు, కాని హుషారుగానే వెళ్ళి కూర్చున్నాడు. మేడమ్ కుర్చీని గోడవైపు తిప్పింది. బాపు ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను గోడ చూపించాను. తిరిగి కూర్చుని, కుడిచెయ్యి తొడ మీద పెట్టుకుని, చూపుడువేలు సిద్ధంగా ఉంచాడు.

మేడమ్ బటన్ నొక్కింది. వేలు కదలలేదు. సప్పుడు పెంచి మళ్ళీ నొక్కింది. ఇంకా పెంచింది. చివరికి హెడ్‌ఫోన్లలోంచి బయటికి వచ్చే కూత గుమ్మంలో ఉన్న నాకే వినబడసాగింది, వరుసలో ముందున్న ముసలమ్మ కూడా లోపలికి తొంగి చూసింది. పాట మస్తు గుదిరింది బిడ్డా అన్నవాడు నా పాటను ఏ రోజూ వినలేదని నాకు అప్పుడు తెలిసింది. మేడమ్ మిషన్ ఆపకుండానే నా వైపు చూసింది. నేను ఏడుస్తున్నాను.

బాపు గోడనే చూస్తూ, చూపుడువేలు అలాగే పట్టుకుని, చాలాసేపు ఓపిగ్గా కూర్చున్నాడు. ఆఖరికి తల తిప్పకుండా, బయట నిలబడ్డవాళ్ళ మీద జాలితో కాబోలు, గట్టిగా అడిగాడు.

"ఇంక షురూ జెయ్యలేదా బిడ్డా? లైన్ల మస్తు మంది ఉన్నరు, జర జల్ది జెయ్యమను."